ఎవరిదీ కాని వడ్డీ

ఇష్టపడి ఇచ్చిన రూపాయికి మనిషి రసీదు అడుగుతాడు. అసహ్యపడి ఇచ్చిన రూపాయికి అడగడు, చేతులు దులుపుకొని వెళ్ళిపోతాడు. కామారెడ్డిలో ఒక ఆడిటర్ దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి నేను నేర్చుకున్నవాటిలో ఇదొక్కటి ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కామర్స్ డిగ్రీలతో వస్తున్నారు. కంప్యూటర్ మీద వాళ్ళ వేళ్ళు పరుగెత్తుతాయి. సంతోషమే. కానీ వాళ్ళు తెరమీద అంకె కనపడితే నమ్మేస్తారు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మాత్రం చూడరు. వాళ్ళ కోసమే ఈ సంగతి రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. భయపడి కాదు. ఇందులో ఉన్న పెద్దమనుషులు ఇంకా నాకు సలాం చెబుతూనే ఉన్నారు, ఈ వయసులో ఆ కాస్తా పోగొట్టుకోవడం ఎందుకని.

నేను ఎల్లారెడ్డిలో ఏడో తరగతి దాకా చదివాను, అదీ ఉర్దూ మీడియం. తెలుగు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లిష్ ఆదాయపు పన్ను నోటీసులు చదివి నేర్చుకున్నాను. అందుకే నాకు ఇంగ్లిష్‌లో బెదిరించడం తప్ప ఇంకేమీ రాదని మా ఆడిటర్ సారు నవ్వేవారు. ఆయన హిందువు, నిదానస్థుడు, గొడవంటే గిట్టనివాడు. ఎల్లారెడ్డి వైపు ముస్లిం వ్యాపారుల పనంతా నాకే అప్పగించారు. "మీవోళ్ళ లెక్క మీకే తెలుస్తది మున్షీ సాబ్" అనేవారు. అది మెచ్చుకోలో, తప్పించుకోవడమో నాకు ఎప్పుడూ అనుమానమే.

మావాళ్ళలో కాస్త కలిగినవాడికి ఏడాదికి రెండు లెక్కలు. మార్చి ఆఖరుకు ప్రభుత్వానికి చెప్పేది ఒకటి. రంజాన్‌లో జకాత్ కోసం వేసుకునేది ఇంకొకటి. ఏడాదిపాటు చేతిలో నిలిచిన సొమ్ములో, బంగారంలో, అమ్మకపు సరుకులో నలభైవ వంతు పేదలకు తీసివ్వాలి. ఒకటి కట్టామని ఇంకొకటి ఎగ్గొట్టడానికి లేదు. పన్ను కట్టాం కాబట్టి జకాత్ తీరిపోయిందనేవాళ్ళకు కాదని మతధర్మం తెలిసిన ముఫ్తీలు చెప్పేవారు. జకాత్ ఇచ్చాం కాబట్టి పన్నెందుకనేవాళ్ళకు కాదని నేను చెప్పేవాణ్ణి. ఇద్దరిలో ఎవరి మాటకు విలువ ఉండేదో మీరే ఊహించుకోండి.

ఎల్లారెడ్డిలో ఇనుప సామాన్ల సేఠ్ ఒకాయన ఉన్నాడు. మా ఆఫీసుకు పాత క్లయింటు, అక్కడి మస్జిద్ కమిటీకి సదర్, అంటే అధ్యక్షుడు కూడా. రంజాన్‌లో ఆయన దుకాణంలో మేకులతో సహా తూకం వేయించేవాడు, పైవాడి దగ్గర తప్పు పడకూడదని. మార్చిలో లెక్క రాయడానికి వెళ్తే అవే మేకులు సగానికి సగం మాయమయ్యేవి. కొంత తేడా న్యాయమే, జకాత్‌కు అమ్మకం ధర చూస్తారు, పన్నుకు కొన్న ధర. కానీ ధరలు మారితే ధరలే మారాలి. గోడకు చేరగిలబెట్టిన ఇనుప రాడ్లు లేచి నడిచిపోవు కదా. ఆయన్ని అడిగితే "నీకెందుకయ్యా, రాసుకో" అనేవాడు. అప్పటినుంచే నాకు ఆయన జపమాల, ఆ తస్బీ పూసల చప్పుడు విన్నా అనుమానం వచ్చేది.

ఇక అసలు సంగతి వడ్డీ. వడ్డీ తినడం మాకు నిషిద్ధం. కానీ ఈ రోజుల్లో బ్యాంకు లేకుండా వ్యాపారం సాగదు. డబ్బు పెట్టాక వడ్డీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. దాన్ని బ్యాంకుకే వదలకండి, తీసి బీదలకో పదిమందికి పనికొచ్చే పనికో ఇచ్చేయండి, అయితే పుణ్యం మాత్రం ఆశించకండని పెద్దలు చెబుతారు. సొంతానికి వాడరు, మస్జిద్ గోడకు వాడరు, జకాత్ కింద జమ కట్టరు. మురుగుకాలువకో మరుగుదొడ్డికో వాడొచ్చంటారు. ఇక్కడే చిక్కుంది. పుణ్యం లేని దానానికి పేరుండదు. మస్జిద్‌కు ఒక ఫ్యాన్ ఇప్పించినవాడు మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకుంటాడు. అదే మనిషి వడ్డీ సొమ్ము ఇచ్చి తిరిగి ఆ వైపు కూడా చూడడు. పేరుండదు, రసీదుండదు, అడిగేవాడుండడు. అడిగేవాడు లేని సొమ్ము కంటే దొంగకు ఏం కావాలి? ఎల్లారెడ్డిలో ఆ సొమ్మంతా ఎక్కడికి పోతుందో తెలిసిన నాటినుంచి నాకు ఈ ప్రశ్నే.

అదంతా బస్టాండు దారిలో ఒక దర్జీ దగ్గరికి చేరేది. ఆయనది పెద్దకొడప్‌గల్. చిన్నప్పుడే ఎల్లారెడ్డికి వచ్చి మిషన్ పెట్టుకున్నాడు. ఆయనకే ఎందుకు ఇస్తారంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఎవరో ఒకరు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అనుకరించారు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినట్టు వచ్చి, నోట్లు వార్తాపత్రికలో చుట్టి మిషన్ పక్కన పెట్టి "అది" అనేవారు. వడ్డీ అన్న మాట కూడా నోట రానిచ్చేవారు కాదు. ఆయన తలూపి రేకు డబ్బాలో వేసేవాడు. అంతే.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది ఆ డబ్బా నిండా రద్దయిన నోట్లే. కొన్నేళ్ళుగా చేరినవి, నాలుగు లక్షలకు పైచిలుకు. ఏం చేయాలో తెలియక దర్జీ వాటిని తన సొంత బ్యాంకు ఖాతాలో వేశాడు, కొత్త నోట్లు దొరికేకొద్దీ తీసి ఖర్చు పెట్టేశాడు. మరి కొన్నాళ్ళకు ఆదాయపు పన్ను నోటీసు వచ్చింది. ఈ సొమ్ము నీకు ఎక్కడిది, చెప్పు అని.

ఆయన మా ఆఫీసుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కొలత టేపు మెడలోనే మరిచిపోయి బస్సెక్కాడు. నోటీసును జాకెట్ గుడ్డలో చుట్టి తెచ్చాడు. మా మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. చదివేవాళ్ళ కోసం అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

"ఏంది సాబ్, గిన్ని పైసలు? దర్జీ పనిల గింత మిగుల్తదా?" అన్నారు మా సారు.

"నాయి కావు సారూ."

"మరి ఎవరియి?"

"ఎవరియి కావు."

సారు నా వైపు తిరిగారు. "గిదే రాసి పంపుదామా మున్షీ సాబ్? ఎవరియి కావని?"

నేను నవ్వలేదు. లెక్క చెప్పలేని సొమ్మని తేలితే ముప్పాతికకు మించి పన్ను కిందే పోతుందని ఆయనకు వివరించాను. దర్జీ ముఖం పాలిపోయింది.

"ఈ యేడు హజ్‌కు డ్రాల మా పేర్లొచ్చినయి మున్షీ సాబ్. నాదీ, ఇంట్లామెదీ. మొదటి కిస్తు కట్టాలె. గా పైసలు వేరే ఉన్నయి, ఇండ్ల కలుపలే. ఇప్పుడు గివి పోతయా?"

"ఇచ్చినోళ్ళు ఒప్పుకోకపోతే పోతయి."

నా బుర్రలో గంట మోగింది అక్కడే. ఊరి వడ్డీ అంతా చేతిలో పట్టుకొని తిరిగే దర్జీకి, ఇద్దరికి సరిపోయే హజ్ డబ్బు ఎక్కడిది? ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి నడవడానికి ఎంతసేపు? మొహం మీదే అడిగేశాను. ఆయన కోపగించుకోలేదు. జూన్‌లో బడి యూనిఫారాలు కుట్టిన కూలి ఎన్నో ఏళ్ళుగా వేరే తీసిపెడుతున్నాడట. బ్యాంకులో పెడితే వడ్డీ వస్తుందని, కొంచెం కొంచెం బంగారం కొని భార్య దగ్గర ఉంచాడట. ఏటేటా దాని మీద జకాత్ కూడా తీశాడట. అంటే ఆ బంగారం పెరిగేటప్పుడు కూడా తరుగుతూనే పెరిగిందన్నమాట. చెప్పడానికి బాగానే ఉంది. ఇలాంటి కథలు నేను ఎన్ని వినలేదు?

"ఖర్చు ఎక్కడ పెట్టినవో చూపెట్టు ముందుగాల" అన్నాను.

మర్నాడే ఎల్లారెడ్డి వెళ్ళాను. మా సారు వెళ్ళమనలేదు, నేనే వెళ్ళాను. ఆఫీసులో నా పక్క టేబుల్ ఆయన, నాకంటే చిన్నవాడే కానీ డిగ్రీ ఉన్నవాడు, "మీరు గుమాస్తానా, పోలీసా సాబ్?" అని వెక్కిరించాడు. రెండూ ఒకటేనని చెప్పి బస్సెక్కాను.

దర్జీ నన్ను ఆడపిల్లల బడి వెనక్కి తీసుకెళ్ళాడు. వరసగా మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకు, గట్టి తలుపులు. దవాఖానా దగ్గర ఇంకో రెండు. సంత జరిగే చోట ఇంకోటి. ఎక్కడా పేరు లేదు, శిలాఫలకం లేదు. అవి కట్టిన మేస్త్రీని దర్జీకి తెలియకుండా నేనే వెతికి పట్టుకున్నాను. ఆయన బీర్కూర్ వైపు మనిషి, చర్చికి పోయే కుటుంబం, నోరు మంచి చురుకు.

"నువ్వేనా కట్టింది?"

"నేనే బాపు. గీ దర్జీ సాబుకు పాయిఖానల పిచ్చి ఉన్నదని మా ఇంటిది నవ్వుతది. ఒక్కటి ఒడువంగనే ఇంకోటి అంటడు."

"పైసలు సరిగ్గ ఇచ్చిండా? వెయ్యి ఇచ్చి రెండు వేలు రాయమన్నడా?"

మేస్త్రీ నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఏం మాట బాపు గది? మిగిలిన సిమెంటు బస్త ఇంటికి పట్కపోత సాబ్ అంటే గూడ ఇయ్యలే. గది గూడ ఆ పైసలదే అన్నడు. పేరు రాస్త గోడ మీద అంటే ఊకోమన్నడు. ఆయన ఇంటి కాడ తానం చేసే జాలారి తలుపు ఊడిపోయి ఏడాదాయె, గోనె సంచి కట్టుకున్నరు. నేనే ఊకె చేస్తనన్న. తర్వాత తర్వాత అంటడు."

వెళ్ళి చూశాను. నిజంగానే గోనె సంచి వేలాడుతోంది. నిజం చెప్పాలంటే నేను ఆ గోనె సంచిని కూడా అనుమానించాను. నేను వస్తున్నానని తెలిసి కట్టారేమోనని ముడి చూశాను. ఎండకు చీకి, తాకితే పొడి రాలే ముడి. అలాంటిది ఒక్క రోజులో తయారు కాదు. అనుమానించినందుకు నేను సిగ్గుపడను, పిల్లలూ. అనుమానించి, వెళ్ళి చూసి, తేల్చుకోకపోతేనే సిగ్గుపడాలి.

ఖర్చు తేలింది. ఇక రాబడి. మా సారు మాట ఒక్కటే. "ఇచ్చినోళ్ళు, ఇంత ఇచ్చినమని సంతకం పెట్టిన కాయిదాలు ఇస్తే జవాబుతోటి పంపుదాం. కేసు అయిపోతది. ఎవరెవరిచ్చిండ్రో చెప్పు సాబ్."

దర్జీ తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్ప సారూ. అది వాళ్ళ ఐబు, నలుగుట్ల చెప్పుకోని మచ్చ. నమ్మి నా మిషన్ కాడ పెట్టిపోయిండ్రు. వాళ్ళంతల వాళ్ళే వచ్చి చెప్పాలె."

"హజ్ పోతది మరి."

"చూద్దాం. మనుషులు మంచోళ్ళే."

మనుషుల మీద అంత నమ్మకం ఉన్నవాడిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన చెప్పకపోయినా నాకు పేర్లు తెలుసు. పెద్దమొత్తాలు ఇచ్చేవాళ్ళంతా మా క్లయింట్లే. ఏ బ్యాంకులో ఎవరికెంత డిపాజిట్ ఉందో నాకు కనపడుతుంది. అయితే ఆ వడ్డీ మేము రాసే రిటర్నుల్లో ఎక్కడా ఉండదు. మేము తినని దాన్ని మా ఆదాయమని ఎట్లా రాస్తారని వాళ్ళు అనేవారు. నేను వాదించేవాణ్ణి, తిన్నా పారబోసినా నీ పేరున జమ అయితే నీ ఆదాయమే, ప్రభుత్వానికి నీ కడుపుతో పని లేదని. మా సారు గొడవెందుకని వదిలేయమనేవారు. ఇదొక విచిత్రమైన పొరపాటు. లోభంతో ఆదాయం దాచేవాళ్ళు ఏ మతంలోనైనా ఉంటారు. భక్తితో దాచేవాళ్ళను మాత్రం మా ఊళ్ళోనే చూశాను. అయితే అందులో భక్తి ఎంత, లోభం ఎంత అన్నది ఎప్పుడైనా పరీక్షకు వస్తే తేలుతుందని కనిపెట్టుకొని ఉన్నాను. ఇప్పుడు వచ్చింది.

మొదట సేఠ్ దుకాణానికే వెళ్ళాను. చాయ్ తెప్పించాడు. సంగతి చెప్పగానే చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వడ్డీనా? తౌబా తౌబా! నాకు వడ్డీ యాడిదయ్యా?"

"సేఠ్, మీ డిపాజిట్లు నాకు ఎర్కే గద."

"ఉంటే ఉన్నయి. దాని వడ్డీ నేను ముట్టిన్నా? ముట్టంది నాదెట్లయితది?"

"మీది కాదు కాబట్టే దర్జీకి ఇచ్చిండ్రు. గదే ముక్క కాయిదం మీద రాసియ్యుండ్రి. ఆయన హజ్ ఆగిపోతున్నది."

సేఠ్ గొంతు తగ్గించాడు. "నేను సంతకం పెడితే ఏమయితది? రేపు నాకు నోటీసొస్తది. దానికి జవాబు నువ్వే రాస్తవు, ఫీజు గూడ నువ్వే పట్టుకపోతవు. మంచి యాపారమే పెట్టినవు మున్షీ." తర్వాత తస్బీ తిప్పుతూ, అమాయకంగా, "అయినా దర్జీకి హజ్ పైసలు యాడికెళ్ళి వచ్చినయంటవు?" అన్నాడు.

అది అక్షరాలా నా అనుమానమే. కానీ సేఠ్ నోట వినేసరికి కంపు కొట్టింది. నేను తెలుసుకోవడానికి అడిగాను, ఆయన తప్పించుకోవడానికి అడుగుతున్నాడు. ప్రశ్న ఒకటే, అడిగే నోరు వేరు. వారం తిరక్కుండానే ఆ ప్రశ్న ఊరంతా పాకింది. దర్జీ డబ్బా తిన్నాడు, అందుకే నోటీసు వచ్చింది, హజ్‌కు బయల్దేరింది ఆ సొమ్ముతోనే అని. కుట్టుడు బట్టలు ఇచ్చేవాళ్ళు తగ్గారు. బట్టల దుకాణం ఆయన ఒకడు, ఆయనా మా క్లయింటే, పండగ బట్టలు వేరే దర్జీకి ఇవ్వడం మొదలుపెట్టాడు. అందరికంటే ఎక్కువ ‘అది’ ఇచ్చినవాడు ఆయనే.

నోటీసుకు జవాబిచ్చే గడువు దగ్గరపడింది. శుక్రవారం జుమా నమాజుకు నేను ఎల్లారెడ్డి వెళ్ళాను, సంచిలో రాసి పెట్టిన కాగితాలతో. సంతకం పెడితే చాలు. నమాజు అయ్యాక, జనం చెప్పులు వెతుక్కునే లోపల లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. దర్జీ మీద కేసు ఏమిటో, ఆ సొమ్ము ఎవరిదో, సంతకాలు లేకపోతే ఆయన హజ్ ఏమవుతుందో. దర్జీ వెనక వరసలో తల దించుకొని కూర్చున్నాడు, నేరం చేసినవాడిలా.

సేఠ్ లేచాడు. "మున్షీ సాబ్, ఇది నమాజు జాగ, ఇబాదత్ జాగ. మీ లెక్కల జాగ కాదు."

"రంజాన్‌ల జకాత్ లెక్క ఇక్కడ్నే కూసొని చెప్పిచ్చుకున్నరు గద సేఠ్? అప్పుడు లెక్కల జాగ ఎట్లయింది?"

కొందరు నవ్వారు. సేఠ్ ముఖం ఎర్రబడింది. "సరే, అడిగినవు కాబట్టి అందరి ముందర్నే చెప్తున్న. నేనైతే దర్జీకి ఒక్క పైస ఇయ్యలే. ఇచ్చినోళ్ళు ఎవరన్న ఉంటే లేచి చెప్పుకోండ్రి."

ఆయన పక్కనున్న బట్టల దుకాణం ఆయన "నేను గూడ ఇయ్యలే" అన్నాడు. ఇంకొకరు. ఇంకొకరు. మిగతావాళ్ళు లేచి గుమ్మం వైపు నడిచారు. చెప్పుల చప్పుడే వినిపించింది. రిటైరైన ఉర్దూ టీచర్ ఒక్కరే నా దగ్గరికి వచ్చి, పింఛను ఖాతాలో వచ్చిన వడ్డీ అంటూ సంతకం పెట్టి, పెన్ను నాకు తిరిగి ఇవ్వడం మరిచి జేబులో పెట్టుకొని పోయారు.

దర్జీ దుకాణానికి వచ్చేసరికి మెట్టు మీద ఒక ముసలామె కూర్చొని ఉంది. బీడీలు చుట్టుకొని బతికే మనిషి. మస్జిద్‌లో ఏం జరిగిందో నాకంటే ముందే ఆమెకు చేరింది.

"నేనిచ్చిన. రాసుకో" అంది.

"ఎంతిచ్చినవు ఖాలా?"

"ఎంతంటే ఏం చెప్పాలె? పోస్టాఫీసోడు పుస్తకంల ఎంత ఎక్కువ ఎక్కిస్తే గంత ఇచ్చిన. ఆడ్నే తెల్సుకో. ఏలుముద్ర యాడ పెట్టాలె?"

"రేపు సర్కారోళ్ళు నిన్ను అడుగుతరేమో. భయం లేదా?"

"ఏం గుంజుకపోతడు సర్కారోడు? నా బీడీ ఆకు చాటనా? పట్కపొమ్మను. రోజింత చుట్టిమ్మను" అని, సిరా వేలిని గోడకు తుడిచింది. "గంతమంది మొగోళ్ళున్నరు, ఒక్కనికి చెయ్యి లేవలేదా?"

తర్వాత దుబాయిలో, సౌదీలో భర్తలున్న ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. కొందరు ఫోన్లో భర్తలను అడిగి పెట్టారు, కొందరు అడక్కుండానే పెట్టారు. అన్నీ చిన్న చిన్న మొత్తాలు. వేసిన సొమ్ములో అవి ఏ మూలకూ చాలవు. అవే పంపాం. అధికారి తప్పు నేనేమీ చెప్పను. కాగితం ఉన్నంత మేరకు ఒప్పుకున్నాడు, లేనిదాన్ని లెక్క చెప్పలేని సొమ్మని తేల్చాడు. ఆయన కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

పన్ను ఎంతో చెప్పడానికి దర్జీని పిలిపించాం. మా సారు అప్పీలు చేద్దామన్నారు.

"ఎన్నొద్దులు పడ్తది సారూ?"

"చెప్పలేం. ఏండ్లు గూడ పట్టొచ్చు."

"గప్పటి దాంక బాకీ నా మీదనే ఉంటదా?"

"రాతల ఉంటది. ఉంటే ఏమయింది, నువ్వు హజ్‌కు పోయిరా."

"బాకీ మీద పెట్టుకొని పోతరా సారూ? దారిల సచ్చిపోతే?"

నేను ఊరుకోలేకపోయాను. "ఓ సాబ్, నోట్లు మారినంక మళ్ళ డబ్బాల పైసలు పడ్డయి గద. అండ్లకెళ్ళి కట్టు. వాళ్ళ కోసమే గద నీకు గీ గతి."

"అవి సంత కాడ మురుగు మోరీకి అనుకున్న" అన్నాడు. అంతే, ఇంకేమీ చర్చ లేదు. బంగారం అమ్మాడు. హజ్ కమిటీకి పేర్లు వెనక్కి తీసుకుంటున్నామని రాసిన అర్జీ నేనే నింపాను. నా జీవితంలో ఎన్ని కాగితాలు నింపానో లెక్కలేదు, కోపంతో నింపింది మాత్రం ఆ ఒక్కదాన్నే.

ఆ కోపం చల్లారకముందే రిటర్నుల కాలం వచ్చింది. సేఠ్ ఫైలు తెరిచి, మా సారు ముందు కూర్చున్నాను. "ఈ ఏడు వడ్డీ వదిలిపెట్ట సార్. బ్యాంకు చూపెట్టిన ప్రతి రూపాయి రాస్త. సేఠ్‌దే కాదు, అందరిది."

"క్లయింట్లు పోతరు మున్షీ సాబ్."

"వాళ్ళు పోకపోతే నేను పోత."

సారు సేఠ్ ఫైలు మూసి నా వైపు జరిపారు. ఆయన చెడ్డవాడు కాదు, గొడవంటే గిట్టనివాడు, అంతే. "రాయుండ్రి" అన్నారు. "వాళ్ళొస్తే నేను ఊళ్ళె లేనని చెప్పుండ్రి."

వచ్చారు. సేఠ్ మెట్లెక్కుతూనే కేకలు మొదలుపెట్టాడు. "నేను తినని దానికి పన్ను కట్టాల్నా? ఏం ఇన్సాఫ్ ఇది?"

"దర్జీ కట్టిండు గద సేఠ్, తినని దానికి" అన్నాను.

పక్క టేబుల్ డిగ్రీ ఆయన ఫైలు అడ్డం పెట్టుకొని నవ్వాడు. సేఠ్ వేరే ఆడిటర్ దగ్గరికి పోతానని బెదిరించాడు, పోయాడు, తిరిగి వచ్చాడు. అక్కడి కంప్యూటర్‌లో కూడా అదే బ్యాంకు, అదే వడ్డీ కనపడ్డాయి. చివరికి ఒప్పుకొని సంతకం పెట్టారు, ఒక్కొక్కరూ ఏదో ఆస్తి రాసిచ్చినట్టు. అక్కడితో ఆగారా అంటే, లేదు. ఎవరో ముఫ్తీని అడిగారట, ప్రభుత్వ పన్నును వడ్డీ సొమ్ముతో కట్టొచ్చా అని. ఈ విషయంలో కొందరు కట్టొచ్చంటారు, కొందరు కూడదంటారు. వీళ్ళకు కట్టొచ్చనే ముఫ్తీయే దొరికాడు. దొరకకపోతే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఆ ముఫ్తీ మాట పట్టుకొని వాళ్ళు వచ్చిన రోజు నేను దర్జీ దుకాణంలోనే ఉన్నాను, పైజామా అంచు కుట్టించుకోవడానికి. సేఠ్, బట్టల దుకాణం ఆయన కలిసి వచ్చారు. బెంచీ మీద కూర్చున్నారు. ఎన్నాళ్ళ తర్వాతో వచ్చారు కాబట్టి దర్జీ లేచి చాయ్ తెప్పించాడు. మంచిచెడ్డలు అడిగాక సేఠ్ మెల్లగా సంగతికి వచ్చాడు.

"పన్ను కట్టుడు పడ్డది దర్జీ సాబ్. నీ డబ్బాల మేమిచ్చిన ‘అది’ ఉన్నది గద. ముఫ్తీ సాబ్ జాయిజ్, తప్పు లేదన్నడు. మేమిచ్చింది మాకు తిరిగిస్తే ఆ పన్నుకు జమ చేసుకుంటం. నీకు గూడ బరువు తగ్గుతది."

దర్జీ మిషన్ ఆపాడు. నోట్లో ఉన్న గుండుసూది తీసి మెత్తకు గుచ్చాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఎప్పుడూ మాట్లాడే గొంతే.

"మీరు నాకు ఏం ఇయ్యలే గద సాబ్. మస్జిద్‌ల నిలబడి అందరి ముందర చెప్పిండ్రు. మస్జిద్‌ల మీరు చెప్పిన మాటను నేను అబద్ధమని ఎట్లంట?"

సేఠ్ నన్ను ఒకసారి చూసి బెంచీ మీంచి లేచాడు, వెనకే బట్టల దుకాణం ఆయనా లేచాడు. చాయ్ గ్లాసులు నిండుగానే ఉండిపోయాయి. వాళ్ళు బజారులోకి దిగి కనుమరుగయ్యేదాకా నేను దర్జీ ముఖాన్నే పట్టి పట్టి చూశాను. ఎక్కడైనా చిన్న నవ్వు, కంటి చివర ఒక మెరుపు, వెక్కిరింత ఉందేమోనని. ఏమీ కనపడలేదు. మిషన్ తొక్కుతూ నా పైజామా అంచు మడిచాడు.

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడా, వాళ్ళకు వాత పెట్టడానికి అన్నాడా? ఆయనను ఎన్నిసార్లు కలిసినా నేను అడగలేదు. నాకు ఇప్పటికీ అనుమానమే.